మానుకోట బాణీ

ఆర్కెస్ట్రా మైకు ముందు నేర్చిన విద్యతో తెలుగు సినిమా పాటను పద్నాలుగేండ్లు ఊపేసిన చక్రి సంగీతం మీద ముఖచిత్ర కథనం

రాత్రి పదకొండు దాటినా మహబూబాబాద్ పక్క పల్లెల్లో పెండ్లి బరాత్ ఊరి నడిమికి చేరదు. ముందు జనరేటర్ బండి, దాని వెనక మనిషెత్తు స్పీకర్లు కట్టిన డీజే బండి, ఆ వెనక పూలదండలు వేలాడే కారులో నిద్రాపుకుంటున్న పెండ్లికొడుకు, పెండ్లిపిల్ల. మొదటి గంటంతా తీన్మార్ దరువుకే పోతుంది. పోరగాళ్లు అలిసి నీళ్ల ప్యాకెట్ల కోసం చూస్తున్నారనగా డీజే ల్యాప్‌టాప్ మీద వేలు కదుపుతాడు. ఎప్పుడో 2002లోనో 2003లోనో వచ్చిన రవితేజ సినిమా పాట మొదలవుతుంది. అప్పటిదాకా అరుగు మీద కూర్చుని సెల్‌ఫోన్లు చూసుకుంటున్న మేనమామలు తువ్వాలు నడుముకు చుట్టుకుని దిగుతారు. ఆ సినిమా ఆడిన రోజులకు ఇంకా పుట్టని పిల్లలు కూడా పల్లవి అందుకుంటారు. రెండో చరణానికి వచ్చేసరికి స్పీకర్ల మోతను మనుషుల గొంతులు మించిపోతాయి.

ఆ పాటకు బాణీ కట్టినవాడు ఆ చుట్టుపక్కల ఊరివాడే. పేరు గిల్లా చక్రధర్. తెలుగు తెరకు చక్రి.

2022 నుంచి తెలుగునాట పాత సినిమాలను మళ్లీ థియేటర్లకు తెచ్చే మోజు ఊపందుకుంది. హీరో పుట్టినరోజుకో, సినిమా వార్షికోత్సవానికో టికెట్లు తెగుతున్నాయి. తెర ముందు కాగితాలు చల్లుకుంటూ జనం చేసే పని ఒక్కటే: పాటలు కలిసి పాడటం. కథ అందరికీ తెలుసు, డైలాగులూ కంఠతా వచ్చు, పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం హాలంతా లేచి నిలబడుతుంది. దీనికి తోడు ముప్పై సెకన్ల రీల్స్ ఉన్నాయి. ఇరవై ఏండ్ల కిందటి బాణీలను అవి రోజూ తవ్వి తీస్తున్నాయి. ఈ రెండింటి పుణ్యమా అని చక్రి పాటలు కొత్త తరం చెవిన పడుతున్నాయి. ఆయన కాలంలో విమర్శకులు పెద్దగా పట్టించుకోని సంగీతం ఇంతకాలం ఎలా నిలబడిందన్న ప్రశ్నకు జవాబు మానుకోటలోనే వెతకాలి.

కంబాలపల్లి కుర్రాడు

చక్రి 1974 జూన్ 15న మహబూబాబాద్ మండలం కంబాలపల్లిలో పుట్టాడు. అప్పటికి అది వరంగల్ జిల్లా. మహబూబాబాద్‌ను ఆ చుట్టుపక్కలవాళ్లు ఇప్పటికీ మానుకోట అనే పిలుస్తారు. కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు మార్గంలో డోర్నకల్‌కు ముందు వచ్చే ఊరు. మిర్చి పంటకు, లంబాడా తండాలకు, పక్కనే ఉన్న కురవి వీరభద్రస్వామి జాతరకు పేరున్న ప్రాంతం.

సినిమాల్లోకి రాకముందు చక్రి మహబూబాబాద్‌లో ‘సాహితీ కళాభారతి’ పేరుతో ఆర్కెస్ట్రా నడిపాడు. ఆ రోజుల్లోనే అక్కడ ఇంటర్మీడియట్ చదువుతున్న మరో కుర్రాడు ఆయనకు పరిచయమయ్యాడు. నర్సంపేట దగ్గరి నాగుర్లపల్లి నుంచి వచ్చిన కందికొండ యాదగిరి. జానపదాలు రాసేవాడు, పాడేవాడు. ఒకరిది బాణీ, ఒకరిది మాట. ఆ స్నేహం తర్వాత హైదరాబాద్ స్టూడియోల దాకా నడిచింది.

ఆర్కెస్ట్రా అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు కొంచెం చెప్పాలి. వినాయక నవరాత్రులకు, పెండ్లిళ్లకు, కాలేజీ వార్షికోత్సవాలకు వేదిక మీద సినిమా పాటలు పాడే బృందం అది. ఒక కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడ్, తబలా, గిటారు, నలుగురైదుగురు గాయకులు. ఎకో కాస్త ఎక్కువ పెట్టిన మైకు. ముందు వరసలో పిల్లలు, వెనక నిలబడి చూసే పెద్దలు, మధ్యమధ్య చీటీల మీద వచ్చే కోరికలు. ఒరిజినల్‌లో యాభై వయొలిన్లు మోగిన చోట ఇక్కడ ఒక్క కీబోర్డు మోగాలి. బాలు పాడిన శ్రుతిలో కాలేజీ కుర్రాడు పాడలేకపోతే అక్కడికక్కడే శ్రుతి దించాలి. పల్లవి రెండో లైనుకల్లా జనం పట్టు చిక్కకపోతే వెనక వరస బీడీలకు లేచిపోతుంది. వాయిద్యాల మధ్య భాగం సాగదీస్తే ముందు వరస అల్లరి మొదలుపెడుతుంది.

ఏ సంగీత కళాశాలా ఈ పాఠం చెప్పదు. జనం ఎక్కడ పాటలో కలుస్తారు, ఎక్కడ జారిపోతారు అన్నది వేదిక మీద నిలబడ్డవాడికి ముఖాల్లోనే కనిపిస్తుంది. చక్రి సినిమా పాటల్లో మొదటినుంచి చివరిదాకా ఉన్న గుణం ఇదే. పల్లవి చిన్నది. గొంతు మరీ పైకీ మరీ కిందకీ పోదు. తాళం తిన్నగా నడుస్తుంది. ఒకసారి విన్నవాడు రెండోసారి పాడగలడు.

> బాక్స్: వంత పాడే నేల
>
> జనగామ జిల్లా మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథను ఊరి వాకిళ్ల నుంచి దేశ వేదికల మీదికి తీసుకెళ్లారు. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2017లో కన్నుమూశారు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు ఒక చరణం అంటే పక్కవాళ్లు వంత అందుకుంటారు. డోలు, తాళాలు, నపీర తోడుంటాయి.
>
> బతుకమ్మ ఆటలో ఒక్కామె చరణం చెబితే చుట్టూ తిరిగేవాళ్లంతా ఉయ్యాల కలుపుతారు. మానుకోట తండాల్లో తీజ్ పాటల తీరూ గుంపుగా పాడటమే. ఒకప్పుడు భూపాలపల్లి జిల్లాలో, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న మేడారం జాతరలో కోయ డోలీ చప్పుళ్లకు జనమంతా ఊగుతారు.

చక్రి ఒగ్గు బాణీలను సినిమాల్లోకి ఎత్తుకొచ్చాడని కాదు. ఆయన హిట్ పాటల్లో ఎక్కువ భాగం ప్రేమ పాటలు, నగరపు కుర్రాళ్ల పాటలు. వాటిలో గిటారు, ప్రోగ్రామింగ్ చేసిన దరువు వినిపిస్తాయి. ఈ నేల నుంచి ఆయన తీసుకున్నది బాణీ కంటే అలవాటు: పాటంటే ఒకడు పాడితే పదిమంది అందుకునేది. విసునూరు దేశ్‌ముఖ్‌ మీద తిరగబడి 1946లో దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చిన కడవెండి, చాకలి ఐలమ్మ పాలకుర్తి, రెండూ జనగామ జిల్లాలోవే. ఆ పోరాటాల కాలం నుంచి ఈ ప్రాంతంలో పాట సభలో మాట కంటే ముందు వచ్చే సాధనం. అలాంటి చోట పెరిగినవాడికి జనం నోట పలకని బాణీ మీద నమ్మకం కుదరదు.

బాచి ఆడలేదు, పాటలు ఆడాయి

తెలుగు సినిమా సంగీతం 2000 నాటికి పెద్ద మలుపులో ఉంది. మణిశర్మ అగ్ర హీరోల సినిమాలు చేస్తున్నారు. కీరవాణి, కోటి అప్పటికే స్థిరపడ్డారు. రమణ గోగుల, ఆర్పీ పట్నాయక్, దేవిశ్రీ ప్రసాద్ లాంటి కొత్తవాళ్లు తలుపు తోసుకుని వస్తున్నారు. చిన్న బడ్జెట్ ప్రేమకథలు ఆడుతున్నాయి. వాటికి పాట సగం ప్రాణం.

ఆ ఏడాదే పూరి జగన్నాథ్ రెండో సినిమా ‘బాచి’తో చక్రి సంగీత దర్శకుడయ్యాడు. జగపతిబాబు హీరో. సినిమా నిలబడలేదు. ఎవరైనా కొత్త సంగీత దర్శకుడిని పక్కన పెట్టేసే సందర్భం. పూరి పెట్టలేదు. 2001లో ‘ఇట్లు శ్రావణి సుబ్రమణ్యం’ వచ్చింది. రవితేజకు హీరోగా నిలదొక్కుకునే బలం ఇచ్చిన సినిమా. మానుకోట స్నేహితుడు కందికొండ గీత రచయితగా పరిచయమైందీ ఇందులోనే. ఆత్మహత్య చేసుకోబోయి ఆగిపోయిన ఇద్దరి ప్రేమకథ అది. పాటల్లో హుషారు ఉంది, కింద సన్నని బెంగ కూడా ఉంది. ఆ రెండింటినీ ఒకే బాణీలో పట్టడం చక్రి నేర్పు. చాలామంది అభిమానులు ఈ ఆల్బమ్‌నే మొదట చెబుతారు. వాళ్లతో వాదించడం కష్టం.

2002 ఆగస్టులో వచ్చిన ‘ఇడియట్’ లెక్కంతా మార్చేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో పూరి కన్నడంలో పునీత్ రాజ్‌కుమార్‌తో ‘అప్పు’ తీశారు. దానికి గురుకిరణ్ సంగీతం. అదే కథను తెలుగులో తీసినప్పుడు చక్రి కొత్త పాటలు కట్టాడు. బేఖాతరుగా తిరిగే కుర్రాడు, కమిషనర్ కూతురు. ఆ పాత్ర పొగరు పాటల్లోనే సగం తెలిసిపోతుంది. 2003లో ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’, నాగార్జునతో ‘శివమణి’ వరసగా వచ్చాయి. మొదటిది అసిన్‌కు తొలి తెలుగు సినిమా. బాక్సింగ్ కథలో తల్లి మమకారం కలిసిన ఆ సినిమాకు చక్రి ఒక పక్క మాస్ దరువు, మరో పక్క మెత్తని ప్రేమ పాట ఇచ్చాడు.

అదే 2003లో సూర్యకిరణ్ దర్శకత్వంలో, సుమంత్ హీరోగా ‘సత్యం’ వచ్చింది. సినిమా ఆడింది. పాటలు సినిమా కంటే ఎక్కువ ఆడాయి. చక్రికి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సంగీత దర్శకుడి పురస్కారం తెచ్చిన సినిమా ఇదే. మూడేండ్ల కిందట ‘బాచి’ ఆడక తల దించుకున్నవాడు ఇప్పుడు దక్షిణాది వేదిక మీద నిలబడ్డాడు.

క్యాసెట్ల చివరి రోజులు అవి. జనగామ, మహబూబాబాద్ లాంటి ఊళ్లలో బస్టాండ్ చుట్టూ రికార్డింగ్ సెంటర్లు ఉండేవి. ఖాళీ క్యాసెట్, పాటల చీటీ ఇస్తే సాయంత్రానికి రెండు వైపులా నింపి ఇచ్చేవాళ్లు. తర్వాత ఎంపీత్రీ సీడీలు వచ్చాయి, ఆ తర్వాత సెల్‌ఫోన్ చిప్‌లో పాటలు ఎక్కించే షాపులు. భూపాలపల్లి సింగరేణి గనుల దగ్గర బొగ్గు లారీల క్యాబిన్లలో, మిర్చి బస్తాలు మోసే ట్రాలీ ఆటోల్లో ఆ చిప్‌లు తిరిగాయి. వస్తువు మారినప్పుడల్లా పాత పాటలు చాలా మట్టుకు రాలిపోయాయి. చక్రి పాటలు ప్రతి వస్తువులోకీ ఎక్కుతూ వచ్చాయి.

గోదారికి మానుకోట పాట

చక్రి సంగీతంలో పూరి సినిమాలకే ఎక్కువ పేరొచ్చినా, విద్వత్తు తెలిసే చోటు మరొకటుంది. దర్శకుడు వంశీ సినిమాలు.

వంశీది తూర్పుగోదావరి జిల్లా పసలపూడి. ‘సితార’, ‘అన్వేషణ’, ‘లేడీస్ టైలర్’, ‘మహర్షి’ లాంటి సినిమాల్లో ఇళయరాజాతో చేసిన పాటలు తెలుగువాళ్లకు ఇప్పటికీ ప్రాణం. చిత్రీకరణలోనూ వంశీకి ఒక పిచ్చి ఉంది. పాటలోని ప్రతి చిన్న వాయిద్య విరుపుకీ తెర మీద ఒక కదలిక ఉండాలి. పడవ తెడ్డు, జడ విసురు, తలుపు సందులోంచి చూపు, ఏదైనా సరే దరువుకు పడాలి. అలాంటి దర్శకుడికి ఇళయరాజా తర్వాత సంగీతం చేయడమంటే పోలికకు మెడ చాచడమే.

2002లో ‘అవును వాళ్లిద్దరూ ఇష్టపడ్డారు’తో ఆ పని చక్రికి దక్కింది. రవితేజ, కళ్యాణి జంట. ఒకే గదిని పగలు ఒకరు, రాత్రి ఒకరు పంచుకుంటూ ముఖాలు చూసుకోకుండానే దగ్గరయ్యే కథ. ఈ సినిమా పాటలు వింటే ‘ఇడియట్’ చేసిన మనిషే వీటినీ చేశాడంటే నమ్మబుద్ధి కాదు. రెండు సినిమాలూ ఆ ఏడాది ఆగస్టులోనే మూడు వారాల తేడాతో విడుదలయ్యాయి. ఒకటి వీధిలో చొక్కా గుండీలు విప్పుకుని తిరిగే సంగీతం. మరొకటి లోపలి గదిలో మెల్లగా మాట్లాడే సంగీతం. మెలోడీ పొడుగ్గా సాగుతుంది, వాయిద్యాలు ఒకదాన్ని ఒకటి పలకరించుకుంటాయి, వంశీ కెమెరాకు కావలసిన విరుపులన్నీ ఉంటాయి. ఇళయరాజా నీడ లేదని ఎవరూ అనరు. ఆ నీడలో నిలబడి కూడా తన సొంత పల్లవి పాడుకోగలిగాడన్నదే గొప్ప.

ఈ జోడీ తర్వాత ‘దొంగరాముడు అండ్ పార్టీ’, ‘కొంచెం టచ్‌లో ఉంటే చెబుతాను’, ‘గోపి గోపిక గోదావరి’, ‘సరదాగా కాసేపు’ చేసింది. వీటిలో 2009 నాటి ‘గోపి గోపిక గోదావరి’లో చక్రి, గాయని కౌసల్య కలిసి పాడిన యుగళగీతం సినిమా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాలం బతికింది. వేణు, కమలినీ ముఖర్జీ నటించిన ఆ సినిమా కథ అడిగితే చెప్పలేనివాళ్లు కూడా ఆ పాట మొదటి నుంచి చివరిదాకా పాడతారు. దూరంగా ఉన్న ఇద్దరు ఫోన్లో పంచుకునే ప్రేమకు అంతకంటే సరిపోయే బాణీ ఆ పదేండ్లలో మరొకటి వచ్చిందా అంటే ఆలోచించాల్సిందే.

గోదావరి జిల్లాల యాస, పడవలు, కొబ్బరితోటల మధ్య నడిచే కథలకు మానుకోటవాడు పాటలు కట్టాడు. వినేవాళ్లెవరికీ అది అతుకుల బొంతలా అనిపించలేదు. ప్రాంతాల పేరుతో సినీరంగంలో మాటల యుద్ధాలు నడిచిన ఆ కాలంలో ఈ సంగతిని ఎవరూ ఎత్తి చెప్పకపోవడమే ఆశ్చర్యం.

పక్కకు తప్పుకోవడం తెలిసిన బాణీ

2005 మార్చిలో కృష్ణవంశీ ‘చక్రం’ వచ్చింది. ప్రభాస్ హీరో. ప్రాణాంతక జబ్బు పెట్టుకుని అందరినీ నవ్వించే కుర్రాడి కథ. అభిమానులు ఆశించిన ప్రభాస్ అందులో కనబడలేదు, సినిమా ఆడలేదు. అందులోని ‘జగమంత కుటుంబం’ మాత్రం తెలుగు సినిమా పాటల్లో శాశ్వతంగా చోటు సంపాదించింది. రాసింది సిరివెన్నెల సీతారామశాస్త్రి. పాడింది మరో సంగీత దర్శకుడు శ్రీ.

ఈ పాటను కొంచెం దగ్గరగా వినాలి. సిరివెన్నెల సాహిత్యం చిక్కనిది. ప్రతి పాదంలోనూ రెండు విరుద్ధ భావాలు ఎదురెదురుగా నిలబడతాయి. వినేవాడికి మొదటి మాట అర్థమయ్యేలోపు రెండోది వచ్చి పడుతుంది. దానికి పెద్ద వాయిద్య ఆర్భాటం తొడిగితే మాట మునిగిపోతుంది. మరీ శాస్త్రీయంగా కడితే మామూలు శ్రోత దూరం జరుగుతాడు. చక్రి రెండు పనులూ చేయలేదు. నడక నెమ్మది చేశాడు, పాదానికీ పాదానికీ మధ్య ఊపిరి పీల్చుకునే జాగా వదిలాడు, గొంతును ముందుంచి మిగతాదంతా వెనక్కి జరిపాడు. పల్లవి స్వరాలు ఎంత తేలికంటే సంగీతం రానివాడు కూడా శ్రుతి తప్పకుండా పాడగలడు. తత్వాలు ఊరి భజన మందిరంలో ఎలా నిలుస్తాయో ఈ పాట అలాగే నిలిచింది. పల్లవి సరళం కాబట్టే మాట బరువు జనం మోయగలిగారు.

గాయకుడి ఎంపిక కూడా చక్రి విచక్షణకే సాక్ష్యం. శ్రీ గొంతులో నునుపు తక్కువ, నిజం ఎక్కువ. తీర్చిదిద్దిన గాత్రం పాడి ఉంటే ఆ పాట అందంగా ఉండేది, అంతగా గుచ్చుకునేది కాదు. ఒక సంగీత దర్శకుడు మరో సంగీత దర్శకుడిని పిలిచి తన బాణీ పాడించుకోవడం మన దగ్గర రోజూ జరిగే పని కూడా కాదు.

కొత్త గొంతులకు తలుపు

వేదిక మీద పాడి వచ్చినవాడు కాబట్టి అవకాశం కోసం నిలబడేవాళ్ల బాధ చక్రికి తెలుసు. తర్వాత తానే సంగీత దర్శకుడైన రఘు కుంచె గాయకుడిగా తొలి అడుగు వేసింది ‘బాచి’లో. కౌసల్య గొంతు చక్రి పాటలతో ఇంటింటికీ చేరింది. వాళ్లిద్దరి జోడీ ఎంత అలవాటైందంటే, కొన్నేండ్లపాటు కౌసల్య గొంతు వినబడగానే సంగీతం ఎవరిదో అడగాల్సిన పని ఉండేది కాదు. సింహా, రవివర్మ లాంటి యువ గాయకులకూ ఆయన వరసగా పాటలిచ్చాడు. గీత రచయితల్లో కందికొండతో పాటు భాస్కరభట్ల రవికుమార్ కూడా చక్రి బృందంతోనే ఎదిగాడు.

చక్రి తానూ పాడేవాడు. గొంతులో కాస్త బొంగురు, కాస్త జీర. పోటీ పెడితే మొదటి బహుమతి రాదు. కానీ పాత్రకు తగిన కొంటెతనం అందులో ఉండేది. పక్కింటి కుర్రాడు మేడ మీద పాడుకుంటున్నట్టు వినిపించే ఆ గొంతు ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ లాంటి సినిమాల్లో బాణీకి సరిగ్గా అతికింది.

> బాక్స్: సినిమా పాట పుట్టే దారి
>
> మొదట సిట్టింగ్. దర్శకుడు సన్నివేశం చెబుతాడు. సంగీత దర్శకుడు హార్మోనియం మీదో కీబోర్డు మీదో నాలుగైదు వరసలు వినిపిస్తాడు. ఎక్కువ సందర్భాల్లో బాణీ ముందు, మాట తర్వాత. రచయిత చేతికి ‘తననా’లతో పాడిన వరస అందుతుంది. సాహిత్యం ఓకే అయ్యాక రిథమ్ ప్రోగ్రామింగ్, ట్రాక్ గాయకుడితో నమూనా రికార్డింగ్, ఆపై అసలు గాయకుడు, లైవ్ వాయిద్యాలు, చివర మిక్సింగ్. సినిమా తీయడం పూర్తయ్యాక సన్నివేశాల వెనక వినిపించే సంగీతం కోసం రీరికార్డింగ్. ఒక్కో సినిమాకు ఐదారు పాటలు ఆ రోజుల్లో మామూలు లెక్క.

మోత కూడా ఉంది

అభిమానం కళ్లకు గంతలు కట్టకూడదు. పద్నాలుగేండ్లలో దాదాపు 85 సినిమాలంటే మనిషి ఆగి ఊపిరి పీల్చుకున్నది తక్కువ. ఆ వేగం సంగీతంలో తెలుస్తుంది. ఒక సినిమాలో పనిచేసిన దరువు మరో సినిమాలో పేరు మార్చుకుని వచ్చింది. హీరో పరిచయ పాట, ఐటెం పాట, విదేశాల్లో యుగళగీతం అని వ్యాపారం గీసిన గళ్లలో కొన్ని ఆల్బమ్‌లు ఉత్తగా నిండిపోయాయి. 2004 సంక్రాంతి ముందు ఎన్నో ఆశలతో వచ్చిన ‘ఆంధ్రావాలా’ ఆడకపోవడం పూరి, చక్రి జోడీకి పెద్ద దెబ్బ. ‘పోకిరి’కి పూరి మణిశర్మ దగ్గరికి వెళ్లారు.

అయినా చక్రి పని ఆగలేదు. 2006 సంక్రాంతికి రామ్, ఇలియానాలను పరిచయం చేసిన ‘దేవదాసు’ పాటలు కాలేజీలను ఊపేశాయి. 2007 జనవరిలో అల్లు అర్జున్ ‘దేశముదురు’తో పూరి మళ్లీ చక్రి దగ్గరికే వచ్చారు. అదే ఏడాది ‘ఢీ’, 2008 సంక్రాంతికి ‘కృష్ణ’. 2010లో బోయపాటి శ్రీను, బాలకృష్ణల ‘సింహా’ ఆయనకు నంది ఉత్తమ సంగీత దర్శకుడి పురస్కారం తెచ్చింది. ఇక్కడ చిన్న పేచీ పెట్టొచ్చు. మెలోడీకి పేరుపడ్డ మనిషికి రాష్ట్ర పురస్కారం తెచ్చింది గర్జించే సినిమా. ‘చక్రం’కో ‘అవును వాళ్లిద్దరూ ఇష్టపడ్డారు’కో రావాల్సిన నంది అది.

జై బోలో

2009 చివరి నుంచి తెలంగాణ ఉద్యమం ఊరూరా అంటుకుంది. 2010 మే నెలలో మహబూబాబాద్ రైల్వేస్టేషన్ దగ్గర జరిగిన ఘర్షణతో మానుకోట పేరు ఉద్యమ చరిత్రకెక్కింది. ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఎన్.శంకర్ తీసిన ‘జై బోలో తెలంగాణ’ విడుదలైంది. జగపతిబాబు, స్మృతి ఇరానీ నటించారు. సంగీతం చక్రి.

వ్యాపార సినిమా సంగీతంలో పదేండ్లు తిరిగిన మనిషికి ఇది వేరే పరీక్ష. ఉద్యమ పాటకు అప్పటికే ఒక వేదిక ఉంది, ధూంధాం ఉంది, గద్దర్, అందెశ్రీ, గోరటి వెంకన్న లాంటి పెద్దలున్నారు. సినిమా స్టూడియో మెరుగులు ఎక్కువైతే ఆ పాట ఉసురు తీసినట్టే. గద్దర్ పాడిన ‘పొడుస్తున్న పొద్దు మీద’లో ముందు నడిచేది గద్దర్ గొంతే. వాయిద్యాలు ఆ గొంతు వెనక అడుగులో అడుగేస్తాయి. ఆ పాటకు గద్దర్‌కు 2011 నంది ఉత్తమ గాయకుడి పురస్కారం వచ్చింది. అదే ఏడాది ఉత్తమ గీత రచయితగా ‘పోరు తెలంగాణ’ సినిమాకు నంది అందుకున్న మిట్టపల్లి సురేందర్‌ది ఇప్పటి భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలం వేశాలపల్లి. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే అవార్డుల్లో ప్రత్యేక రాష్ట్రం అడిగే పాటలు గెలవడం ఆ కాలపు విచిత్రాల్లో ఒకటి.

నలభై ఏండ్లకే

దాసరి నారాయణరావు దర్శకత్వం వహించిన చివరి సినిమా ‘ఎర్రబస్సు’ 2014 నవంబర్‌లో విడుదలైంది. దానికీ చక్రే సంగీత దర్శకుడు. నెల తిరగ్గానే, డిసెంబర్ 15 ఉదయం హైదరాబాద్‌లో గుండెపోటుతో చక్రి చనిపోయాడు. నలభై ఏండ్లు. రాత్రుళ్లు రికార్డింగులు, పగటి నిద్రలు, ఊపిరాడని డెడ్‌లైన్లు సినిమా సంగీతం చేసేవాళ్లకు కొత్త కాదు. ఆ బతుకు తీరు ఆరోగ్యాన్ని ఎంత తినేస్తుందన్న చర్చ కొన్నాళ్లు నడిచింది, సద్దుమణిగింది.

చక్రి పోయేనాటికి తెలంగాణ రాష్ట్రానికి ఆరు నెలలు. మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి ఇంకా జిల్లాలు కాలేదు. 2016 అక్టోబర్ 11న అవి పుట్టాయి. ఆయన చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఒకరొకరుగా వెళ్లిపోయారు. ‘జగమంత కుటుంబం’ పాడిన శ్రీ నాలుగు నెలలకే, 2015 ఏప్రిల్‌లో. సిరివెన్నెల 2021 నవంబర్ 30న. కందికొండ క్యాన్సర్‌తో పోరాడి 2022 మార్చి 12న. సినిమా పాటలే కాక బతుకమ్మ, బోనాల పాటలతోనూ తెలంగాణ ఇండ్లలోకి వెళ్లినవాడు కందికొండ. గద్దర్ 2023 ఆగస్టు 6న.

చక్రి తమ్ముడు మహిత్ నారాయణ్ సంగీత దర్శకత్వంలోకే వచ్చాడు. చక్రి అందుకున్న నంది పురస్కారాలు ఆగిపోయాయి. 2025లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరుతో సినిమా అవార్డులు మొదలుపెట్టింది.

పేరు కోసం ఇంకో మీట

ఇప్పుడు పాట సెల్‌ఫోన్‌లోనే దొరుకుతుంది. రికార్డింగ్ సెంటర్ లేదు, చిప్ షాపూ లేదు. యాప్‌లో వెతికితే హీరో బొమ్మ వస్తుంది, సినిమా పేరు వస్తుంది, కంపెనీ పేరు వస్తుంది. క్యాసెట్ అట్ట మీద పెద్దక్షరాల్లో ఉండే ‘సంగీతం: చక్రి’ ఇప్పుడు వివరాలు అన్న మీట నొక్కితే గానీ కనబడదు. రీల్స్‌లో అదీ ఉండదు. ఇళయరాజా, రెహమాన్ పాటలకు ఆ ఇబ్బంది లేదు, వినేవాడికి ముందే తెలుసు. చక్రి లాంటివాళ్ల పాటలు జనంలో ఉంటాయి, పేరు జనంలోంచి జారిపోతుంది.

మానుకోట, జనగామ, నర్సంపేట ఆర్కెస్ట్రాల్లో మాత్రం ఈ ఇబ్బంది ఇంకా రాలేదు. కీబోర్డు వాయించే పిల్లలు ఆయన పాటలను మొదటి నెలలోనే నేర్చుకుంటారు. స్వరాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, తాళం తేలిక, ఏ గాయకుడికైనా శ్రుతి మార్చి ఇవ్వొచ్చు. పాట మొదలుపెట్టే ముందు మైకులో సినిమా పేరుతో పాటు సంగీత దర్శకుడి పేరూ చెప్పడం వేదిక మీద పాత ఆచారం. చక్రి పేరు చెప్పేటప్పుడు దాని ముందు ‘మన’ చేరుతుంది.